గుండె రాయి చేసుకోమని రోమ్ చెప్పలేదు



ఈ ఉపన్యాసం ఏటా ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. రోమ్ పాఠం వచ్చినప్పుడు యుద్ధాల తేదీలు గబగబా దాటించేసేవారు. ఆ మనుషులు ఇళ్లలో ఎలా మసిలేవారు, చావు వస్తే ఏం చేసేవారు, మాట తప్పినవాణ్ణి ఏమనేవారు అన్న దగ్గర మాత్రం ఆగి చెప్పేవారు. బాగా బతకడం గురించి రోమన్లు ఏమనుకున్నారన్న విషయం తీసుకుంటే ఆయనకు తగిన నివాళి అవుతుందని నిర్వాహకులతో అన్నాను. వెంటనే ఒప్పుకున్నారు. వారికి కృతజ్ఞతలు.

ఇప్పుడే ఈ విషయం మాట్లాడాలనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. సెనెకా, ఎపిక్టెటస్, మార్కస్ ఆరీలియస్ పేర్లు ఇప్పటి పిల్లలకు కొత్త కాదు. ఫోన్ తెరిస్తే చాలు, గడ్డం ఉన్న పాలరాతి విగ్రహం, దాని కింద రెండు ముక్కల ఉపదేశం. ఎవరి మాటా పట్టించుకోకు, కన్నీళ్లు పెట్టుకోకు, నీ దారి నువ్వు చూసుకో, పైకి రా. పోటీ పరీక్షలు రాసే కుర్రవాడికీ అదే, ఉద్యోగం ఊడినవాడికీ అదే, పెళ్లి చెడిన అమ్మాయికీ అదే. కష్టంలో ఉన్న మనిషి ఏదో ఒక ఆసరా వెతుక్కుంటాడు. ఆ పిల్లల్ని నేను తప్పుపట్టను. నా బాధల్లా ఆ పేర్లతో వాళ్లకు అందుతున్న మాటల గురించే. ఆ రోమన్ల పుస్తకాలను మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా చదివితే తేలేది వేరు. మనసును అదుపులో పెట్టుకోమని వాళ్లు చెప్పిన మాట నిజమే. ఎందుకు పెట్టుకోవాలంటే, పక్కమనిషికి అవసరం పడ్డప్పుడు పారిపోకుండా నిలబడటానికి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముందు ఎపిక్టెటస్ దగ్గరికి వెళదాం. ఇప్పటి టర్కీలో, తెల్లని సున్నపురాతి మెట్లతో యాత్రికులను పిలిచే పముక్కలె పక్కనే హియెరాపోలిస్ శిథిలాలున్నాయి. సుమారు క్రీ.శ. 50లో అతను అక్కడ పుట్టాడు. బతుకు మొదలైంది బానిసత్వంలో. రోమ్‌లో అతని యజమాని ఎపఫ్రొడైటస్, నీరో చక్రవర్తి కార్యదర్శి. ఆ యజమాని కూడా ఒకప్పుడు బానిసే. ఎపిక్టెటస్‌కు ఒక కాలు కుంటి. బానిసగా ఉండగానే ముసోనియస్ రూఫస్ అనే గురువు దగ్గర పాఠాలు విన్నాడు, తర్వాత విడుదల పొందాడు. డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తలందరినీ రోమ్ నుంచి వెళ్లగొట్టినప్పుడు గ్రీసు పడమటి తీరాన నికోపోలిస్ చేరి బడి పెట్టాడు. తనుగా ఏదీ రాసి పెట్టలేదు. అర్రియన్ అనే శిష్యుడు రాసుకున్న ప్రసంగాల్లో 4 పుస్తకాలు, వాటిలోంచి ఏర్చి కూర్చిన చిన్న కరదీపిక, ఇవే మనకు దక్కాయి.

మొదటి పుస్తకం పదకొండో అధ్యాయంలో ఒక సంభాషణ ఉంది. ఒక ప్రభుత్వాధికారి ఎపిక్టెటస్‌ను చూడటానికి వస్తాడు. పెళ్లాం పిల్లలున్నారా అని అడుగుతాడు ఈయన. ఉన్నారంటాడు. ఎలా ఉంది సంసారం అంటే, నరకంగా ఉందంటాడు. అదేమిటంటే ఆ తండ్రి చెబుతాడు: మొన్న నా చిన్నకూతురికి జబ్బు చేసింది, గండం గడుస్తుందో లేదో అన్నారు, ఆ పిల్ల పక్కన ఉండలేకపోయాను, ఇల్లు వదిలి వెళ్లిపోయాను, తగ్గిందని ఎవరో కబురు తెచ్చేదాకా తిరిగి రాలేదు. అది సరైన పనేనా అని ఎపిక్టెటస్ అడిగితే, తండ్రన్నవాడు ఎవడైనా అంతేగదా, ప్రేమ ఉన్నచోట అది సహజమే అంటాడు.

ఎపిక్టెటస్ కసురుకోడు. ఒక్కొక్క ప్రశ్నే వేసుకుంటూ పోతాడు. ఆ పిల్ల తల్లికి పిల్లంటే ప్రేమ ఉందా? ఉంది. మరి ఆవిడా వెళ్లిపోవాల్సిందేనా? కాదు. పాలిచ్చి పెంచిన దాదికి ప్రేమ ఉందా? ఉంది. ఆవిడా వెళ్లిపోవాలా? అబ్బే. బడికి తీసుకెళ్లి తీసుకొచ్చే పనివాడు? అతనికీ ప్రేమే. అయితే ప్రేమ ఉన్నవాళ్లందరూ ప్రేమ కొద్దీ వెళ్లిపోతే, ఆ పసిపిల్ల ఎవరి చేతుల్లో ప్రాణం వదలాలి, ఏ మమకారమూ లేనివాళ్ల చేతుల్లోనా? ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. రేపు నువ్వు మంచం పడితే నీవాళ్లు నిన్ను ఇలాగే ప్రేమించి ఒంటరిగా వదిలేసి వెళ్లాలని కోరుకుంటావా? అలాంటి ప్రేమైతే అది శత్రువులకు ఉండాలని మొక్కుకోవాలి గదా, వాళ్లైనా దూరంగా ఉంటారు.

ఈ సంభాషణ చదివిన ప్రతిసారీ నాకు మన ఆసుపత్రి వరండాలు గుర్తొస్తాయి. నేను చూడలేను బాబూ అని గేటు బయట టీ కొట్టు దగ్గరే నిలబడిపోయే మగవాళ్లను మీరూ చూసే ఉంటారు. వాళ్లకు ప్రేమ లేదని అనలేం. లోపల మంచం పక్కన స్టూలు మీద రాత్రంతా కూచుని, సెలైన్ సీసా అయిపోతుంటే నర్సును పిలిచేది అమ్మో, పిన్నో, కోడలో. బాధ ఇద్దరికీ ఉంది. ఒకరు ఆ బాధను మోస్తూ కూచున్నారు, ఇంకొకరిని ఆ బాధే బయటికి నెట్టేసింది. ఎపిక్టెటస్ బోధ అంతా ఈ తేడా గురించే. మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అని విడదీసి చూడమని అతను చెప్పిన మాట లోకమంతా తిరిగింది. పిల్లకు జబ్బు రావడం తండ్రి చేతిలో లేదు, పక్కన కూచోవడం అతని చేతిలో ఉంది. ఆ మాటను, నా చేతిలో లేనిదాని గురించి నాకేం అనే అర్థంలో వాడుకోవడం ఆ మనిషికి చేసే అన్యాయం.

అతని సొంత బతుకూ ఆ మాటకు తగ్గట్టే ఉంది. ఇంట్లో దేవతల పక్కన ఒక ఇనుప దీపం ఉండేదట. ఒక రాత్రి కిటికీ దగ్గర చప్పుడైతే పరుగున వచ్చి చూశాడు, దీపం పోయింది. రేపటి నుంచి మట్టి దీపం చాలనుకున్నాడు. దొంగ మీద కోపం తెచ్చుకోలేదు. మంచీ చెడూ తెలియని కళ్లు గుడ్డివాడి కళ్ల కన్నా జాలిపడదగ్గవని శిష్యులకు చెప్పాడు. పెద్ద వయసు వచ్చాక, ఒక మిత్రుడు పేదరికం వల్ల పసిబిడ్డను వదిలేయబోతుంటే ఆ బిడ్డను తెచ్చుకుని, చూసుకోవడానికి ఒక ఆవిడను ఇంట్లో పెట్టుకున్నాడని తర్వాతి శతాబ్దాల వ్యాఖ్యాత సింప్లీసియస్ రాశాడు. అన్నాళ్లూ ఆ ఇంటి తలుపుకు గడియ కూడా అవసరం లేకపోయిందట, లోపల విలువైనదేమీ లేక. ఎవరి బంధమూ లేకుండా హాయిగా ఉన్న ముసలివాడు, కావాలని ఒక బంధం తెచ్చుకున్నాడు.

అతని గురువు ముసోనియస్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. నీరో ఇతన్ని గ్యారోస్ అనే రాతిదీవికి వెళ్లగొట్టాడు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకే చదువు చెప్పాలని, స్త్రీలు తత్వశాస్త్రం చదవాలని క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే వాదించాడు. బానిస స్త్రీ దగ్గరికి వెళ్లడం తప్పు కాదనుకునే యజమానులను, మీ ఇంటావిడ బానిస పురుషుడితో ఉంటే ఒప్పుకుంటారా అని ముఖం మీదే అడిగాడు. అప్పటి రోమ్‌లో యజమానిని ఆ ప్రశ్న అడగడమంటే మామూలు ధైర్యం కాదు. ఇతని పేరు ఫోన్లలో తిరిగే సూక్తుల్లో నాకు ఎక్కడా కనిపించలేదు.

ఎపిక్టెటస్‌లో మనకు మింగుడుపడని మాటలూ ఉన్నాయి. బిడ్డను ముద్దు పెట్టుకునేటప్పుడు, ఈ బిడ్డ ఏనాటికైనా పోగల ప్రాణి అని లోలోపల గుర్తు చేసుకోమంటాడు. ఇది విని చాలామంది పుస్తకం మూసేస్తారు. ఆ మాటను తన సొంత నోట్సులో ఎత్తి రాసుకున్న ఒక తండ్రి ఉన్నాడు. రోమ్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్. అతనికీ భార్య ఫౌస్టీనాకూ కనీసం పదముగ్గురు పిల్లలు. సగానికి పైగా తండ్రి బతికుండగానే పోయారు. ఆ లెక్క తెలిశాక ఆ వాక్యం నాకు కఠినంగా వినిపించడం మానేసింది. పిల్లలు పెరిగి పెద్దవుతారన్న భరోసా లేని కాలంలో, ఉన్నంతసేపూ ఉన్న బిడ్డను పూర్తిగా చూసుకోవడానికి ఒక తండ్రి వెతుక్కున్న దారి అది.

మార్కస్ గురించి పాత చరిత్రలో ఒక చిన్న సంగతి ఉంది. కుర్రతనంలో తనను పెంచిన గురువు చనిపోతే మార్కస్ భోరున ఏడుస్తున్నాడు. అంతఃపురం సేవకులు, యువరాజు అలా ఏడవకూడదని వారించబోయారు. పెంపుడు తండ్రి ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి వాళ్లను ఆపాడు. వాణ్ణి మనిషిగా ఉండనివ్వండి, చదువూ సింహాసనమూ మనిషి మమతలను తుడిచేయలేవు అన్న భావంతో మాట్లాడాడు. పాలరాతి విగ్రహం బొమ్మతో కన్నీళ్లు వద్దని చెప్పేవాళ్లకు ఈ కథ తెలియాలి.

మార్కస్ పాలించింది 161 నుంచి 180 దాకా. అదే కాలంలో మన కృష్ణా, గోదావరి తీరాలు శాతవాహనుల ఏలుబడిలో ఉన్నాయి. రోమ్‌తో జరిగిన వర్తకానికి గుర్తుగా తెలుగు నేల మీద చాలాచోట్ల రోమన్ నాణేలు బయటపడ్డాయి. మార్కస్ ఏలుబడి సుఖంగా సాగలేదు. తూర్పు యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైన్యంతో పాటు 165 ప్రాంతంలో ఒక మహమ్మారి వచ్చి ఏళ్ల తరబడి జనాన్ని బలిగొంది. ఉత్తరాన డాన్యూబ్ నది దాటి తెగలు దండెత్తాయి. చివరి పదేళ్లలో ఎక్కువ కాలం ఆ సరిహద్దు గుడారాల్లోనే గడిచింది. మనం ఇప్పుడు చదువుకునే నోట్సులో ఒకచోట కార్నంటంలో అని, ఇంకోచోట క్వాడి తెగ మధ్య గ్రాన్ నది ఒడ్డున అని రాసి ఉంది. మొదటిది ఇప్పటి ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర, రెండోది స్లొవేకియాలో. లాటిన్ మాట్లాడే చక్రవర్తి, తనకోసం తాను, గ్రీకులో రాసుకున్న కాగితాలవి. ఎవరికీ చూపించడానికి రాసినవి కావు. అచ్చులోకి వచ్చింది 1559లో, జ్యూరిక్‌లో.

ఆ పుస్తకం మొదటి అధ్యాయంలో వైరాగ్యం లేదు, సూక్తులు లేవు. తన బతుకులో ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో పేరు పేరునా రాసుకున్నాడు. తాత దగ్గర నేర్చుకున్నదేమిటి, తల్లి దగ్గర, పెంచిన సేవకుడి దగ్గర, వ్యాకరణం చెప్పిన పంతులు దగ్గర నేర్చుకున్నదేమిటి. ఎపిక్టెటస్ ప్రసంగాల ప్రతిని తనకు ఇచ్చిన రుస్టికస్‌కు అందులో ప్రత్యేకంగా కృతజ్ఞత చెప్పుకున్నాడు. బానిస మాటలు ఆ చేతి నుంచి చక్రవర్తి చేతికి చేరాయి. ఎవరి సాయమూ లేకుండా నేనొక్కణ్ణే ఎదిగానని చెప్పుకునేవాళ్లు ఆ అధ్యాయాన్ని నిజాయితీగా చదవలేరు.

రెండో అధ్యాయం పొద్దున్నే తనకు తాను చెప్పుకునే మాటతో మొదలవుతుంది. ఈ రోజు తలబిరుసు మనుషులు, అబద్ధాలకోరులు, కృతజ్ఞత లేనివాళ్లు ఎదురవుతారని ముందే అనుకుంటాడు. అంతవరకే కత్తిరించి పంచుతుంటారు జనం. అక్కడితో ఆగలేదు మార్కస్. వాళ్లూ తనకు బంధువులే, రెండు చేతుల్లా, రెండు పాదాల్లా, పైరెప్ప కిందిరెప్పల్లా కలిసి పనిచేయడానికే పుట్టాం, వాళ్ల మీద కోపగించుకోవడం ప్రకృతికే విరుద్ధం అని ముగిస్తాడు. సగం వాక్యం చదివినవాడికి జాగ్రత్తపడటం మాత్రమే వస్తుంది. మొత్తం చదివినవాడికి ఓర్పు వస్తుంది.

ఇతన్ని మహాత్ముడిగా నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. అతని ఏలుబడిలోనే 177లో లియోన్ నగరంలో క్రైస్తవులను హింసించి చంపారు. డాన్యూబ్ అవతల ఊళ్లు తగలబెట్టిన సైన్యానికి అధిపతి అతనే. తన తర్వాత కొడుకు కొమోడస్‌ను గద్దె మీద కూచోబెట్టాడు, ఆ కొడుకు క్రూరుడయ్యాడు. మంచి పుస్తకం రాసుకున్న మనిషి మంచి పాలకుడై తీరుతాడన్న పూచీ ఎక్కడా లేదు.

రాసినదానికీ బతికినదానికీ మధ్య ఈ ఎడం మరీ నొప్పి పెట్టేది సెనెకా విషయంలో. స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టి రోమ్ వచ్చాడు. 41లో క్లాడియస్ చక్రవర్తి కార్సికా దీవికి వెళ్లగొడితే ఎనిమిదేళ్లు అక్కడే గడిపాడు. 49లో తిరిగి పిలిపించి పిల్లవాడైన నీరోకు గురువుగా పెట్టారు. నీరో గద్దెనెక్కాక సలహాదారయ్యాడు, అపారంగా సంపాదించాడు. ముప్పై కోట్ల సెస్టర్సులు ఎలా పోగేశావని సూయిలియస్ అనే ప్రత్యర్థి బహిరంగంగా నిలదీసిన సంగతి చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. 59లో నీరో తల్లిని చంపించినప్పుడు సెనేట్‌కు పంపిన సంజాయిషీ ఉత్తరం కూర్చిన చెయ్యి సెనెకాదేనని జనం అనుకున్నారనీ టాసిటసే చెబుతాడు. 65లో కుట్ర నెపంతో నీరో ఆజ్ఞ మేరకు నరాలు కోసుకుని చనిపోయాడు. పేదరికాన్ని మెచ్చుకున్న కోటీశ్వరుడు, కోపం చెడ్డదని రాసి క్రూరుడికి కొలువు చేసినవాడు. ఇవన్నీ నిజాలే. ఏదీ దాచకుండానే అతన్ని చదవాలి.

చదవాలని ఎందుకంటున్నానంటే, చివరి మూడేళ్లలో స్నేహితుడు లుసీలియస్‌కు అతను రాసిన 124 ఉత్తరాలు మనకు దక్కాయి. జబ్బుపడినవాడు పక్క మంచం మీదున్న రోగితో మాట్లాడినట్టు రాస్తున్నానని అతనే చెప్పుకుంటాడు. కోపం మీద రాసిన పుస్తకం చివర్లో తన రాత్రి అలవాటు ఒకటి వర్ణిస్తాడు. దీపం తీసేశాక, ఆ అలవాటు తెలిసిన భార్య మాట్లాడటం మానేశాక, ఆ రోజంతా చేసినవీ అన్నవీ తనకు తాను లెక్క చెప్పుకుంటాడు. పెద్ద పాపాలేమీ ఉండవు అందులో. ఫలానా వాదనలో మరీ పట్టుదలకు పోయాను. ఫలానా మనిషిని దిద్దబోయి, అవసరానికి మించి కటువుగా మాట్లాడాను, అతను దిద్దుకోలేదు సరికదా నొచ్చుకున్నాడు. ఇకమీదట చెప్పే మాట నిజమా అని మాత్రమే కాదు, వినేవాడు తట్టుకోగలడా అని కూడా చూడాలి. తనను తాను మందలించుకుని, ఈసారికి వదిలేసి పడుకుంటాడు. సెక్స్టియస్ అనే పాతతరం తత్వవేత్త దగ్గర నుంచి వచ్చిన అలవాటట. ఆ లెక్కల్లో ఎంత సంపాదించాను, ఎంత ముందుకెళ్లాను అన్న పద్దు లేదు. ప్రతి పద్దూ ఇంకో మనిషితో ఎలా మసలుకున్నానన్నదే.

నలభై ఏడో ఉత్తరం బానిసల గురించి. సెనెకా రాసినవాటిలో ఇంత దగ్గర నుంచి చూసి రాసింది నాకు ఇంకోటి కనిపించలేదు. యజమాని భోజనానికి కూచుని పొట్ట పగిలేలా తింటుంటాడు. చుట్టూ బానిసలు రాత్రంతా ఆకలితో నిలబడి ఉంటారు. పెదవి కదపడానికి వీల్లేదు. గుసగుసకు బెత్తం దెబ్బ. దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా, ఎక్కిళ్లొచ్చినా దెబ్బే. ఒకడు తాగుబోతుల వాంతులు తుడుస్తుంటాడు. ఒకడు ఖరీదైన పక్షుల మాంసం కోయడానికే బతుకుతుంటాడు. ఇంకొకడు పెద్దవాడైనా మీసం రాకుండా వెంట్రుకలు పీకించుకుని, ఆడపిల్లలా అలంకరించుకుని మద్యం పోస్తుంటాడు. యజమాని ముందు మాట్లాడనివ్వరు కాబట్టే చాటున అతని గురించి మాట్లాడతారని, యజమానులతో కలిసి మాట్లాడుకున్న పాతకాలపు సేవకులు ఆ యజమానుల కోసం ప్రాణమిచ్చారని అంటాడు సెనెకా. నీతో సమానంగా పుట్టి, అదే గాలి పీల్చి, నీలాగే చచ్చిపోయే మనిషితో కలిసి అన్నం తినడానికి సిగ్గెందుకని అడుగుతాడు.

ఇంత చూసిన కళ్లు ఇంకొక్క అడుగు ముందుకు చూడలేకపోయాయి. బానిసత్వం ఉండకూడదని సెనెకా రాయలేదు. తన ఇంట్లో బానిసలు ఉండనే ఉన్నారు. బానిసగా బతికిన ఎపిక్టెటస్ కూడా ఆ ఏర్పాటునే ఎత్తివేయాలని అనలేదు, లోపలి స్వేచ్ఛ గురించే మాట్లాడాడు. వాళ్ల కాలం అంతే అని సర్దిచెప్పడం నాకు ఇష్టం లేదు. మనిషిని మనిషి కొనడంలో తప్పు చూడటానికి కావలసినదంతా ఆ ఉత్తరంలోనే ఉంది. పనమ్మాయికి వేరే గ్లాసు పెట్టే ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. ఆ ఉత్తరాన్ని ఆ ఇళ్లలోనూ చదవాలి.

ఇక సిసిరో. కాలక్రమంలో అందరికన్నా ముందువాడు, నేను కావాలనే చివరికి ఉంచుకున్నాను. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో, ప్రసవమైన కొద్దిరోజులకు, అతని కూతురు తుల్లియా చనిపోయింది. అప్పటికి సిసిరోకు అరవై నిండాయి. రోమ్‌లో కాన్సల్ అనే అత్యున్నత పదవి చేసినవాడు, సీజర్ నియంత అయ్యాక చేసేందుకు పని లేక కూచున్నాడు. ముందు మిత్రుడు అట్టికస్ ఇంట్లో ఉండి, దుఃఖం గురించి రాసిన పుస్తకాలు దొరికినన్ని చదివాడు. తర్వాత సముద్రం ఒడ్డున ఆస్తురాలో ఉన్న తన ఇంటికి వెళ్లిపోయాడు. పొద్దున్నే దట్టమైన అడవిలో దూరి సాయంత్రం దాకా బయటికి రావడం లేదని, పుస్తకాలతోనే మాట్లాడుతున్నానని, మధ్యలో ఏడుపు అడ్డం వస్తోందని అట్టికస్‌కు రాశాడు. గ్రీసులో ఉన్న సర్వియస్ సుల్పీసియస్ అనే మిత్రుడు ఓదార్పు ఉత్తరం పంపాడు. ఓడలో వస్తుంటే ఒకప్పుడు వెలిగిన నగరాలు ఏజీనా, మెగారా, పిరేయస్, కొరింత్ నాలుగు దిక్కులా శవాల్లా పడి ఉన్నాయని, ఊళ్లకు ఊళ్లే పోతుంటే ఒక్క మనిషి పోయిందని అంత కుమిలిపోవడం ఎందుకని అందులో రాశాడు. సిసిరో మర్యాదగానే జవాబిచ్చాడు, కానీ ఒప్పుకోలేదు. ఇదివరకు రాజకీయాల్లో గాయపడితే ఇంటికొచ్చి కూతురి దగ్గర సేదదీరేవాణ్ణి, ఇంట్లో కష్టమొస్తే సభకు పోయేవాణ్ణి, ఇప్పుడు రెండూ లేవు అన్నాడు.

ఆ దుఃఖంలోనే, ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ, ఒకదాని వెంట ఒకటిగా పుస్తకాలు రాశాడు. వృద్ధాప్యం మీద, స్నేహం మీద, దేవుళ్ల మీద, మృత్యుభయం మీద. చివరిది కర్తవ్యాల గురించి. ఏథెన్సులో చదువుకుంటున్న కొడుకు మార్కస్‌ను ఉద్దేశించి రాసింది. కుర్రవాడు మొదట్లో దారి తప్పి తర్వాత సర్దుకున్నానని, ఒకప్పుడు తమ ఇంటి బానిస, అప్పటికి స్వతంత్రుడైన టైరోకు రాసిన ఉత్తరం కూడా దొరుకుతుంది. ఆ కొడుక్కి తండ్రి ఏం చెప్పాడు? మూడో భాగంలో ఒక బేరం గురించి చెప్పాడు.

రోడ్స్ దీవిలో కరువు. ధాన్యం ధర ఆకాశాన్నంటింది. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ఓడ నిండా ధాన్యంతో వచ్చాడు. తన వెనకే ఇంకా చాలా ఓడలు ధాన్యంతో రోడ్స్ వైపు బయల్దేరడం కళ్లారా చూశాడు. ఆ సంగతి ఊళ్లో చెబితే ధర పడిపోతుంది. చెప్పకపోతే కావలసినంత లాభం. ఇతను మోసగాడు కాడని సిసిరో ముందే షరతు పెడతాడు. చెప్పకుండా ఉండటం తప్పని తేలితే చెప్పేసే మనిషే. తప్పా కాదా అన్నదే సందేహం. సెనెకా, ఎపిక్టెటస్ నడిచిన స్టోయిక్ తత్వమార్గంలోనే ముందటి ఇద్దరు గురువులు, డయోజనీస్, అతని శిష్యుడు అంటిపేటర్, దీని మీద చెరో పక్షం. చట్టం చెప్పమన్న లోపాలు చెప్పి, అబద్ధమాడకుండా, వచ్చిన ధరకు అమ్ముకోవచ్చు, చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు గురువు. మనుషుల మేలు చూడటానికి పుట్టినవాడివి, ఆకలితో ఉన్న ఊరికి అన్నం వస్తోందన్న కబురు ఎలా దాచిపెడతావు అంటాడు శిష్యుడు. ఇంకో ఉదాహరణ ఇల్లు. గదుల్లో పాములు తిరుగుతున్నాయి, దూలాలు చెడిపోయాయి, అది యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా అమ్మవచ్చా?

సిసిరో తీర్పు తిన్నగా ఉంది. ధాన్యం వర్తకుడు చెప్పాల్సిందే, ఇల్లమ్మేవాడూ చెప్పాల్సిందే. తెలుసుకోవలసినవాళ్లను నీ లాభం కోసం చీకట్లో ఉంచడమే దాచడం. అది మంచివాడు చేసే పని కాదు. వానాకాలంలో మోకాటి లోతు నీళ్లు నిలిచే ప్లాటును వేసవిలో చూపించి అమ్మేవాళ్లు, చెమ్మ పట్టిన గోడకు కొత్త రంగు వేసి అద్దెకిచ్చేవాళ్లు, పురుగుల మందు కొట్టి మర్నాడే కోసిన కూరగాయలను మార్కెట్‌కు పంపేవాళ్లు ఈ తీర్పును చదివి తీరాలి. కూతుర్ని పోగొట్టుకుని అడవుల్లో ఏడ్చిన మనిషి, కొడుక్కి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటిగా ఎదుటివాడి అజ్ఞానాన్ని సొమ్ము చేసుకోకూడదన్నది ఎంచుకున్నాడు. బాగా బతకడం అంగడిలో, బేరంలో తేలుతుందని అతని నమ్మకం. ఆ పుస్తకం రాసిన ఏడాదికే, క్రీ.పూ. 43 డిసెంబరు 7న, రాజకీయ శత్రువు ఆంటోనీ పంపిన మనుషులు అతన్ని చంపి, తలా చేతులూ తెచ్చి రోమ్ సభావేదిక మీద ప్రదర్శనకు పెట్టారు.

చివరిగా మీకొక విన్నపం. ఈ సభలో ఉపాధ్యాయులున్నారు, గ్రంథాలయాలు నడిపేవారున్నారు, అనువాదకులున్నారు. రోమన్ల సూక్తులను ఏరి కూర్చిన పుస్తకాలు పిల్లలకు బహుమతులుగా ఇవ్వకండి. ఎపిక్టెటస్ మొదటి పుస్తకంలోని పదకొండో అధ్యాయం, సెనెకా నలభై ఏడో ఉత్తరం, మార్కస్ ఆరీలియస్ నోట్సులో మొదటి అధ్యాయం, సిసిరో కర్తవ్యాల మూడో భాగం, ఈ నాలుగూ కలిపినా చిన్న పుస్తకమే అవుతుంది. వాటిని మంచి తెలుగులో, మొత్తంగా, ఏదీ కత్తిరించకుండా అచ్చువేసి తరగతి గదుల్లో చదివించండి. చదివాక రోడ్స్ వర్తకుడు చెప్పాలా వద్దా అని పిల్లల్ని వాదించుకోనివ్వండి. ఆ పని మొదలుపెట్టేవాళ్లకు నా చేతనైన సాయం చేస్తాను.